జీతం పెరిగేది 26 వేలు, ఇంటి ఆదాయం పెరిగేది రెండు వేలే

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది సూర్యాపేట దగ్గర పల్లె. పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లోనే ఉంటున్నాం. కూకట్‌పల్లి వివేకానందనగర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు. అద్దె 19 వేలు, మెయింటెనెన్స్ 2 వేలు. నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తాను. చేతికి 92 వేలు వస్తుంది. ఇప్పుడు బెంగళూరు నుంచి ఆఫర్ వచ్చింది, చేతికి లక్షా 18 వేలు. ఆఫీసు బెళ్లందూరులో. అక్కడ చూసిన ఇంటికి అద్దె 36 వేలు, మెయింటెనెన్స్ 4 వేలు, అడ్వాన్స్ 2 లక్షలు అడుగుతున్నారు. మా ఆవిడ ఇక్కడ ప్రైవేటు స్కూల్లో టీచరు, 24 వేలు వస్తాయి. అది చిన్న జీతమే కాబట్టి వదిలేసినా పర్వాలేదనుకుంటున్నా. బాబు నాలుగో తరగతి, పాపకి మూడేళ్లు. అమ్మ మాతోనే ఉంటుంది, పాపని చూసుకుంటుంది. బియ్యం ఊరి నుంచే వస్తాయి. ఒక వెబ్‌సైట్ రెండు నగరాల్లో ఖర్చు దాదాపు సమానం అంటోంది, ఇంకోటి బెంగళూరు బాగా ఎక్కువ అంటోంది. మా బాబాయి ధరల సూచీ చూసి హైదరాబాదే ఖరీదంటున్నాడు. ఏది నమ్మాలి? శుక్రవారంలోగా హెచ్‌ఆర్‌కి జవాబు చెప్పాలి. టెన్షన్‌గా ఉంది.
– పేరు వద్దన్న పాఠకుడు, కూకట్‌పల్లి

సమాధానం: మీ ఉత్తరంలో ‘అది చిన్న జీతమే కాబట్టి’ అన్న చోట నేను ఆగిపోయాను. అద్దె, అడ్వాన్స్, మెయింటెనెన్స్ అన్నీ రూపాయితో సహా రాశారు. ఆవిడ 24 వేలను మాత్రం ఒక్క వాక్యంతో పక్కన పెట్టేశారు. ముందు ఆ అంకెను తిరిగి లెక్కలోకి తెద్దాం. ఇవాళ మీ ఇంటికి నెలకు వచ్చేది 92 వేలు కాదు, లక్షా 16 వేలు. బెంగళూరు వెళ్లాక, ఆవిడకు అక్కడ ఉద్యోగం దొరికేదాకా వచ్చేది లక్షా 18 వేలు. అంటే పెరిగేది రెండు వేలు. ఇంటి ఖర్చేమో 21 వేల నుంచి 40 వేలకు పెరుగుతుంది. ఇక్కడి నుంచి మొదలుపెడితేనే మిగతా లెక్కకు అర్థం ఉంటుంది.

మీరు చూసిన వెబ్‌సైట్ల సంగతి చెప్తాను. ఇలాంటి పోలికల్లో చాలావరకు మనలాంటి ఇళ్లను ఉద్దేశించి చేసినవి కావు. ప్రపంచ నగరాల్లో జీవన ఖర్చు మీద మెర్సర్ సంస్థ చేసే సర్వే అందరికీ తెలిసిందే, అందులో అన్నిటికంటే ఖరీదైన ఊరు మొదటి స్థానంలో ఉంటుంది. 2024 జాబితాలో బెంగళూరు 195వ స్థానం, హైదరాబాద్ 202వ స్థానం. చూడగానే రెండూ ఒకటే అనిపిస్తుంది. కానీ ఆ జాబితా పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులను ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపేటప్పుడు ఎంత భత్యం ఇవ్వాలో తేల్చుకోవడానికి. న్యూయార్క్‌ను ఆధారంగా పెట్టుకుని లెక్క కడతారు. న్యూయార్క్ నుంచి చూస్తే కూకట్‌పల్లి, బెళ్లందూరు పక్కపక్కనే కనిపిస్తాయి. నంబియో లాంటి సైట్లలో ధరలు ఎవరికి తోచినవి వాళ్లు నింపుతారు. నింపినవాళ్లు గేటెడ్ కమ్యూనిటీలో ఉంటే ఒక అంకె, పీజీ హాస్టల్లో ఉంటే ఇంకో అంకె. రెండు సైట్లు రెండు రకాలుగా చెప్పడంలో వింతేం లేదు.

మీ బాబాయి గారు చూసింది బహుశా లేబర్ బ్యూరో ఇచ్చే పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ అయి ఉంటుంది. కరువు భత్యం (డీఏ) లెక్క దాంతోనే కాబట్టి ఉద్యోగులకు బాగా పరిచయం. అది ఒక ఊళ్లో ధరలు 2016తో పోలిస్తే ఎంత పెరిగాయో చెబుతుంది. 2016లో ప్రతి కేంద్రాన్నీ 100 అనుకుని మొదలుపెట్టారు, అప్పటికే ఖరీదుగా ఉన్న ఊరైనా సరే, చవకగా ఉన్న ఊరైనా సరే. కాబట్టి ఒక ఊరి అంకె రెండో ఊరి కంటే ఎక్కువుంటే, అక్కడ ధరలు ఎక్కువ వేగంగా పెరిగాయని మాత్రమే అర్థం. ఏ ఊరు ఖరీదు అన్నదానికి అందులో జవాబు ఉండదు. బాబాయి గారికి ఈ మాట నెమ్మదిగా చెప్పండి.

ఇక ఇల్లు. మీ నిర్ణయంలో ముప్పావు వంతు ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. హైదరాబాద్‌లో రెండు నెలల అద్దె అడ్వాన్స్ ఇచ్చి ఇంట్లో దిగడం మనకు అలవాటు. బెంగళూరులో ఒకప్పుడు పది నెలల అద్దె కట్టించుకునేవారు. ఇప్పుడు చాలాచోట్ల ఐదారు నెలలకు దిగింది, మీకు చెప్పింది కూడా అంతే. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇళ్లకు రెండు నెలల అడ్వాన్స్ చాలంటుంది గానీ, రాష్ట్రాలు దాన్ని తమ చట్టంగా చేసుకుంటేనే చెల్లుతుంది. దాన్ని చూపించి ఓనర్‌తో వాదించలేరు. ఇక్కడి అడ్వాన్స్ 40 వేల దాకా తిరిగొస్తుందనుకున్నా, మీ చేతి నుంచి ఇంకో లక్షా 60 వేలు పోయి వాళ్ల దగ్గర వడ్డీ లేకుండా కూర్చుంటుంది. బ్యాంకులో 7 శాతానికి వేస్తే ఏడాదికి 11,200 వచ్చే డబ్బు అది. నెలకు 900 పైమాటే.

ఆ అడ్వాన్స్ తిరిగి రావడం గురించి నా సొంత అనుభవం ఒకటి ఉంది. మేము మూడేళ్లు బెంగళూరు మారతహళ్లిలో ఉన్నాం. ఖాళీ చేసే రోజు సామాను లారీ ఎక్కింది, మా అత్తగారు చీపురు పట్టి గదులు ఊడుస్తున్నారు. ఓనరు చేతిలో టార్చ్ పెట్టుకుని వచ్చాడు. పట్టపగలు ప్రతి గోడ మీదా వెలుగు వేసి మేకుల గుర్తులు లెక్కపెట్టాడు. పదకొండు. అందులో ఎనిమిది మేము దిగేనాటికే ఉన్నాయి. మేము ఫొటోలు తీసుకోలేదు కాబట్టి చెప్పుకోవడానికి ఏమీ లేకపోయింది. పెయింటింగ్ పేరు మీద ఒక నెల అద్దె కోయడం అక్కడ ఎలాగూ రివాజు, అగ్రిమెంట్‌లోనే రాస్తారు. దాని మీద మేకులకు, గచ్చు కడిగించడానికి ఇంకో 4,500 తీసేసి, మిగిలింది నెలన్నర తర్వాత ఇచ్చాడు. ఆ నెలన్నర హైదరాబాద్‌లో కొత్త ఇంటి అడ్వాన్స్ కోసం మా చెల్లెలి దగ్గర చేబదులు తీసుకున్నాం. అందుకే చెబుతున్నా, మీరు దిగేరోజే ప్రతి గోడకూ, బాత్‌రూమ్ కుళాయికీ, కిచెన్ గట్టుకూ తేదీ పడేలా ఫొటోలు తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పంపండి. పెయింటింగ్ కోత ఎంతో అగ్రిమెంట్‌లో అంకెగా రాయించండి. ఆ కోతను ఇప్పుడే లెక్కలో వేసుకోండి: 36 వేలు, రెండేళ్లు ఉంటారనుకుంటే నెలకు 1,500.

ఇల్లు చూసేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న నీళ్ల గురించి. కావేరీ కనెక్షన్ ఉందా, బోరా, ట్యాంకరా? కావేరీ నీటిని దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తు మీదికి తోడి బెంగళూరుకి తెస్తారు. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల ధర ఆకాశానికి అంటితే, చివరికి జిల్లా యంత్రాంగమే ట్యాంకర్ రేట్లు నిర్ణయించాల్సి వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో కావేరీ ఐదో దశ మొదలయ్యాక ఊరి శివారు ప్రాంతాలకు నీళ్లు పెరిగాయి గానీ, ప్రతి అపార్ట్‌మెంట్‌కీ అందాయని అనుకోకండి. ట్యాంకర్ల మీద నడిచే అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ 4 వేలు మార్చిలో 4 వేలుగా ఉండదు. పోయిన ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ రసీదు చూపించమని అడగండి. వాచ్‌మన్‌ని పక్కకి పిలిచి అడిగితే ఇంకా నిజం తెలుస్తుంది. హైదరాబాద్‌లో 2021 నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్ల దాకా నల్లా నీళ్లకు బిల్లు లేదు. మీ అపార్ట్‌మెంట్‌కి మీటరు ఉండి ఆ పథకంలో ఉంటే, మీరు కడుతున్న 2 వేల మెయింటెనెన్స్‌లో ఆ మేలు ఇప్పటికే కలిసి ఉంది.

ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో ఉండి ఉంటే నా సలహా వేరేగా ఉండేది. 2025 ఆగస్టులో మొదలైన మెట్రో పసుపు లైను అటే వెళ్తుంది. ఆ లైను పొడవునా ఎక్కడో ఒకచోట తక్కువ అద్దె ఇల్లు చూసుకోమనేదాన్ని. బెళ్లందూరుకి ఆ సౌకర్యం లేదు. అద్దె తగ్గుతుందని ఊరి చివర దిగితే రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో రోజుకు మూడు గంటలు పోతాయి. పాపకి మూడేళ్లు, ఆ వయసు పిల్ల సాయంత్రం ఎనిమిదిన్నరకే నిద్రపోతుంది. ఆ ఇంటి అద్దె ఎక్కువైనా దగ్గర్లోనే ఉండండి.

సరుకులు, కూరగాయలు, పప్పులూ నూనెలూ రెండు ఊళ్లలో ఇంచుమించు ఒకటే. వాటి గురించి పేజీలు రాయక్కర్లేదు. పాలు అక్కడ చవక, నందిని ప్యాకెట్ మన ప్యాకెట్ల కంటే తక్కువకు వస్తుంది. పెట్రోలు కూడా లీటరుకు నాలుగైదు రూపాయలు తక్కువే. కరెంటు విషయంలో ఒక మంచి మాట ఉంది. ఇక్కడ గృహజ్యోతి కింద 200 యూనిట్ల ఉచితం తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకే, మీకు రాదు. కర్ణాటక గృహజ్యోతికి కార్డుతో పని లేదు, అద్దెకుండేవాళ్లు కూడా పెట్టుకోవచ్చు. అయితే ఏడాది సగటు వాడకం మీద లెక్క కడతారు కాబట్టి మొత్తం 200 యూనిట్లూ మీకు రాకపోవచ్చు. దిగిన వారంలోనే దరఖాస్తు పెట్టండి. ఫ్యాన్‌తో సరిపెట్టుకునే రోజులూ అక్కడ ఎక్కువ. ఇవన్నీ కలిసి నెలకు వెయ్యో, పదిహేను వందలో మిగులుతాయి. కానీ మీ ఊరి బియ్యం బస్తా సూర్యాపేట నుంచి కూకట్‌పల్లికి వచ్చినట్టు బెళ్లందూరుకు రాదు. మీ ఇంట్లో నెలకు పాతిక కిలోలు పడుతుందనుకుంటే, ఆ మిగిలిన డబ్బు బియ్యానికి సరిపోతుంది. అక్కడికి అక్కడికి చెల్లు.

ఇంకో రెండు విషయాలు త్వరగా చెప్తాను. మీ ఆవిడ స్కూలుకి సిటీ బస్సులో వెళ్తుంటే 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ మీదే వెళ్తూ ఉంటారు. కర్ణాటకలోనూ ‘శక్తి’ పేరుతో అలాంటి పథకం ఉంది, కానీ కర్ణాటక అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు కావాలి. ఆధార్‌లో అడ్రస్ మార్చేదాకా టికెట్ కొనాల్సిందే. మీకు టీజీ నంబరు కారుంటే, 12 నెలలు దాటి అక్కడే నడపాలంటే రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి. ఇక్కడి ఆర్టీఏ నుంచి, కారు మీద లోన్ ఉంటే బ్యాంకు నుంచి కూడా అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్ఓసీ కావాలి, అక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. కర్ణాటకలో ఆ పన్ను తేలిక కాదు. పైగా మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే 36 వేలు అద్దె కట్టినా జీతంలోని అద్దె భత్యానికి ఇచ్చే హెచ్ఆర్ఏ మినహాయింపు ఉండదు, పాత విధానంలో ఉంటేనే కొంత కలిసొస్తుంది.

బాబు చదువు దగ్గర డబ్బు కంటే ముందు భాష ఉంది. ఇక్కడ స్కూళ్లలో తెలుగు తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చినట్టే, అక్కడ కన్నడకు 2015 చట్టం ఉంది. నాలుగో తరగతి పిల్లాడు కన్నడ అక్షరాలు మొదటి నుంచి నేర్చుకోవాలి. లిపి మనదానికి దగ్గర చుట్టమే, పిల్లలు తొందరగానే అందుకుంటారు. కానీ మొదటి ఆరు నెలలు వాడి పక్కన కూర్చునేవాళ్లు కావాలి. తెలుగు చదవడం ఇంట్లోనే సాగాలి. ఆ కూర్చునేది ఎవరు? మళ్లీ మీ ఆవిడే.

ఇప్పుడు అమ్మ. ‘పాపని చూసుకుంటుంది’ అని రెండు ముక్కల్లో రాశారు. మీ ఇంట్లో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా జరిగేది మీరు చూసి ఉండరు, ఆఫీసులో ఉంటారు కదా. నేను మీ ఇంటికి రాకపోయినా కూకట్‌పల్లి కాలనీల్లో అలాంటి అమ్మల్ని రోజూ చూస్తాను. నాలుగింటికి మెట్లు దిగి వచ్చి గేటు దగ్గర నిలబడతారు. ఒక చేత్తో పాపని పట్టుకుని, రెండో చేత్తో తోపుడు బండి మీద తోటకూర కట్ట తిరగేసి వేర్లు చూస్తుంటారు. స్కూలు ఆటో వచ్చేసరికి బాబు బ్యాగు అందుకుంటారు. ఈలోపు ఎదురింటావిడతో నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలే ఆవిడ రోజు. బెళ్లందూరులో తొమ్మిదో అంతస్తులో కన్నడ, హిందీ రాని ఆవిడకు ఆ గేటు ఉండదు. వస్తారేమో అడగండి. ‘మీ ఇష్టం నాయనా’ అంటే ఒప్పుకున్నట్టు కాదు, ఇంకోసారి అడగండి. ఆవిడ సూర్యాపేటలోనే ఉండిపోతానంటే, మీ ఆవిడ ఉద్యోగంలో చేరిన రోజు నుంచి పాపకి డేకేర్ కావాలి. నెలకు 10 వేలు వేసుకోండి. అమ్మ ఇప్పుడు మీ ఇంటికి తెస్తున్న డబ్బు అది, ఏ పే స్లిప్‌లోనూ పడలేదంతే.

మరి మొత్తం వేసి చూద్దాం. అమ్మ మీతో వస్తారు, ఏడాది తర్వాత మీ ఆవిడకు అక్కడ అంతే జీతంతో ఉద్యోగం దొరుకుతుంది అనుకుందాం. అన్నీ మీకు అనుకూలంగా జరిగితే ఇలా ఉంటుంది. పెరిగిన జీతం 26 వేలలో ఇంటికే 19 వేలు ఎక్కువ పోతాయి, మిగిలేది 7 వేలు. అడ్వాన్స్ మీద పోయే వడ్డీ 900, పెయింటింగ్ కోత 1,500. ఊరికి రాకపోకలు ఇంకొకటి. ఇప్పుడు మీరు విజయవాడ హైవే ఎక్కితే మూడు గంటల్లో ఊళ్లో ఉంటారు. బెంగళూరు నుంచైతే హైదరాబాద్‌కే 570 కిలోమీటర్లు, వందేభారత్ ఎక్కినా ఎనిమిది గంటలు దాటుతుంది, ఆపైన సూర్యాపేట. దసరాకి, సంక్రాంతికి, ఒక పెళ్లికి, రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతరకి. ఏడాదికి 30 వేలు ఎటూ పోవు, పండగ రోజుల్లో ప్రైవేటు బస్సు రేట్లు మీకు తెలియనివి కావు. నెలకు 2,500. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 2,100. అమ్మ రాకపోతే డేకేర్‌తో అది కూడా మైనస్.

అది రెండో ఏడాది మాట. మొదటి ఏడాది మీ ఆవిడ జీతం లేకుండా గడవాలి కాబట్టి నెలకు దాదాపు 22 వేలు లోటు, ఏడాదికి 2 లక్షల 60 వేల పైన. సామాను తరలింపు, బ్రోకర్‌కి ఒక నెల అద్దె, పిల్లలిద్దరి అడ్మిషన్ ఫీజులు కలిపి ఇంకో లక్షా 40 వేలు వేసుకోండి. నాలుగు లక్షలు. ఇది మీ దగ్గర పొదుపులో ఉండాలి, లేదంటే కంపెనీ ఇవ్వాలి.

కాబట్టి నా మాట ఇది. లక్షా 18 వేలకు కుటుంబం మొత్తాన్ని తీసుకుని వెళ్లకండి. చేతికి లక్షా 40 వేలు వస్తే ఇప్పుడున్నట్టే ఉంటారు, లాభం కూడా కాదు, సమానం. హెచ్‌ఆర్‌తో మాట్లాడేటప్పుడు ‘బెంగళూరు ఖరీదైన ఊరు’ అనకండి, ఆ మాట వాళ్లు రోజూ వింటారు. అద్దె తేడా 19 వేలు, అడ్వాన్స్ 2 లక్షలు, తరలింపు ఖర్చు అని అంకెలు చెప్పండి. జీతం పెంచలేమంటే జాయినింగ్ బోనస్ అడగండి, కాకపోతే దాని మీద పన్ను పడుతుంది, ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలని రాసి ఉందేమో చూసుకోండి. అడ్వాన్స్ కోసం వడ్డీ లేని అప్పు ఇచ్చే కంపెనీలు ఉన్నాయి, అడగడంలో తప్పులేదు. ఇంకొకటి, ఆ లక్షా 18 వేలలో పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే కలిపి చెప్పారేమో ఇవాళే ఆఫర్ లెటర్ తీసి చూడండి. కలిపి ఉంటే పైన రాసిన లెక్కంతా ఇంకా దిగుతుంది.

ఆ పని మీకు నిజంగా నచ్చి, పదేళ్ల తర్వాత మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారో అక్కడికి తీసుకెళ్లేదైతే, ముందు ఆరు నెలలు ఒక్కరే పీజీలో ఉండి చూడండి. పీజీకి 14 వేలు, నెలకు రెండుసార్లు ఇంటికి రావడానికి 5 వేలు, మీ పైఖర్చు 3 వేలు వేసుకున్నా, పెరిగిన 26 వేలలో 4 వేలు మిగులుతాయి. ఆవిడ ఉద్యోగం పోదు, బాబు చదువు మధ్యలో ఆగదు, అమ్మ గేటు దగ్గరే ఉంటారు. బరువంతా ఆ ఆరు నెలలూ ఆ ఇద్దరి మీద పడుతుంది. అందుకే వాళ్లు సరేనంటేనే.

ఇవాళ రాత్రి పిల్లలు పడుకున్నాక ఒక తెల్లకాగితం తీయండి. ఈ లెక్క మీరు రాయకండి, మీ ఆవిడ చేత రాయించండి. ఆదాయం అని రాసిన చోట మొదటి వరసలో 92 వేలు, రెండో వరసలో 24 వేలు రాయమనండి. శుక్రవారం మెయిల్ ఆ కాగితం చూసుకుని పెట్టండి.